తుప్పు కింద ఏడాది: పాత జర్మన్ బాయొనెట్లను గుర్తుపట్టడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జర్మనీలో డ్యూసెల్‌డోర్ఫ్ దగ్గర ఉంటాను. ఇక్కడి పాత సామాన్ల సంతల్లో, చిల్లుపడిన హెల్మెట్ల పక్కన, తుప్పు పట్టిన బాయొనెట్లు, అంటే తుపాకీ గొట్టం చివర బిగించే కత్తులు, తరచూ కనబడతాయి. ఒకటి కొన్నాక రెండోది కొన్నాను. తర్వాత పుస్తకాలు, ఆ తర్వాత మ్యూజియంలు. ఇప్పుడు ఫ్రాన్స్‌లో, బెల్జియంలో, పోలండ్‌లో ఉండే మనవాళ్లు ఫొటోలు పంపి "అన్నా, ఇది ఏ కాలంది?" అని అడుగుతుంటారు. ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. షోకేసులో మెరిసే వాటి గురించి కాదిది. చెక్క కుళ్లిపోయి, మార్కులు సగం చెరిగి, మట్టిలోంచి బయటికొచ్చిన వాటి గురించి.

రెలిక్ కండిషన్ అంటే ఏమిటి?

నేలలోనో, నీళ్లలోనో, పాత ఇంటి అటక మీదనో దశాబ్దాలు పడి ఉండి, ఇక వాడటానికి పనికిరాని స్థితి. ఉక్కు మీద గుంతలు పడి ఉంటాయి, పిడి చెక్క పోయి ఉంటుంది, ఒర అలుగుకు అతుక్కుపోయి ఉంటుంది. అమ్మేవాళ్లు కొంచెం తుప్పు ఉన్నదానికి కూడా ఈ మాట వాడేస్తారు. నా లెక్కలో మాత్రం చేత్తో తడిమితే ఉపరితలం గరుకుగా, గుంతలుగా తగిలేదే రెలిక్.

భాగాల పేర్లు చెప్పరా?

కోసే పొడవాటి భాగం అలుగు. దాని పదునైన అంచు వాదర, ఎదురుగా ఉండే మందపాటి అంచు వెన్ను. అలుగు పొడవునా ఉండే లోతు గీత గాడి. అలుగుకూ పిడికీ మధ్య అడ్డంగా ఉండేది అడ్డపట్టీ. పిడి చివర తుపాకీ మీదికి ఎక్కే ఉక్కు ముద్దను పిడి తల అంటాను. అందులో ఒక గాడి, పక్కన నొక్కితే వదిలే స్ప్రింగ్ బటన్ ఉంటాయి. కొన్నింటికి అడ్డపట్టీ పైన తుపాకీ గొట్టం దూరే ఉంగరం కూడా ఉంటుంది.

నా చేతికి ఇప్పుడే ఒకటి వచ్చింది. ముందు ఏం చేయాలి?

తుప్పు జోలికి పోకండి. ముందు కొలవండి, ఫొటోలు తీయండి.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న మాట. మొదటి బాయొనెట్ ఇంటికి తెచ్చిన రోజే, శుభ్రం చేసి చూద్దామన్న ఆత్రంతో, డ్రిల్లుకు వైర్ బ్రష్ బిగించి అరగంట రుద్దాను. వెన్ను మీద ఒక కిరీటం, కింద ఒక అక్షరం, దాని కింద "1" అంకె తేలాయి. ఆ పక్కన రెండో అంకె ఉండాల్సిన చోట నున్నగా మెరుస్తున్న ఉక్కు ఉంది. తుప్పు కింద ఆ అంకె వందేళ్లు ఉంది. బ్రష్ కింద నిమిషం కూడా నిలవలేదు. ముద్ర కొట్టినప్పుడు లోహం ఒకటి రెండు వెంట్రుకల మందం మాత్రమే దిగుతుంది. పైపొర ఊడితే ముద్ర కూడా దానితోనే పోతుంది.

కాబట్టి మట్టిని మెత్తటి పళ్ల బ్రష్‌తో, వెదురు పుల్లతో దులపండి. అంతకు మించి ఏమీ చేయకుండా కొలత టేపు చేతిలోకి తీసుకోండి.

ఏ కొలతలు కావాలి?

అడ్డపట్టీ నుంచి మొన దాకా అలుగు పొడవు, మొత్తం పొడవు, అడ్డపట్టీ దగ్గర అలుగు వెడల్పు, మొన వైపు ఎక్కడైనా వెడల్పు పెరిగితే అక్కడి కొలత. ఉంగరం ఉంటే దాని లోపలి వ్యాసం. పిడి తలలోని గాడి ఎంత దూరం లోపలికి వెళ్లిందో ఒక పుల్ల దూర్చి చూడండి. మొన తుప్పుకు తిని పోవడం మామూలే, అందుకే అలుగు పొడవులో సెంటీమీటరు దాకా తేడా వస్తే కంగారు పడనక్కర్లేదు.

ఆకారం, కొలత చూసి మోడల్ చెప్పొచ్చా?

చాలాసార్లు చెప్పొచ్చు. నా అనుభవంలో పది మందిలో ఏడెనిమిది మంది మార్కు కోసం తుప్పు గోకుతూ కూర్చుంటారు. జవాబు మాత్రం ఆకారంలో ముందే ఉంటుంది.

ముందు ఉంగరం చూడండి. 1898లో వచ్చిన మౌజర్ గెవేర్ 98 తుపాకీకి గొట్టం కింద పొడవాటి ఉక్కు కడ్డీ ఉంటుంది. బాయొనెట్ పిడి తలలోని లోతైన గాడి ఆ కడ్డీ మీద జారి గట్టిగా కూర్చుంటుంది, అందుకే గొట్టం చుట్టూ ఉంగరం అవసరం లేకపోయింది. పిడిలో లోతైన గాడి ఉండి ఉంగరం లేకపోతే అది 98 కుటుంబానిదని మొదటి అంచనా వేసుకోవచ్చు. ఉంగరం ఉంటే అంతకు ముందుదో, యుద్ధకాలపు అత్యవసర తయారీనో, లేదా వేరే దేశానిదో అయి ఉంటుంది.

ఇక ఒక్కొక్కటిగా చూద్దాం.

పిడి ఇత్తడిదై, అలుగు దాదాపు 47 సెంటీమీటర్లు ఉంటే అది 1871 మోడల్. నేలలో పడ్డా ఇత్తడి పచ్చబడి నిలుస్తుంది, కాబట్టి అలుగు సగం విరిగినా ఇది దొరికిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఇది పూర్తిగా పోలేదు. తూర్పు ఆఫ్రికాలో జర్మన్ వలస సైన్యం చేతుల్లో 1914లో ఎక్కువగా ఉన్నది 71 మోడల్ తుపాకులే. ఆ నవంబరులో టాంగా దగ్గర వాళ్లను ఎదుర్కొన్న భారత దళాల్లో మద్రాసు సైన్యపు 61వ పయనీర్స్, 63వ పాలంకోట లైట్ ఇన్‌ఫాంట్రీ ఉన్నాయి.

అలుగు పొట్టిగా 25 సెంటీమీటర్లు, పిడికి చెక్క పలకలు, అడ్డపట్టీకి ఉంగరం ఉంటే 71/84. కత్తి తరహా పొట్టి బాయొనెట్ జర్మన్ సైన్యంలోకి వచ్చింది దీనితోనే.

అలుగు 50 సెంటీమీటర్లు దాటి, సన్నగా, వెన్ను గుండ్రటి కడ్డీలా ఉంటే అది 98 మోడల్, అంటే ఎస్ 98 (ఇక్కడ ఎస్ అంటే బాయొనెట్‌కు జర్మన్‌లో ఉన్న మాట మొదటి అక్షరం). చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ కందకాల యుద్ధానికి బాగా పొడవు.

ఎక్కువమంది పంపే ఫొటో 98/05ది. అలుగు 37 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, మొన వైపు వెళ్లేకొద్దీ సన్నబడకుండా వెడల్పవుతుంది. ఇంగ్లిష్ సేకర్తలు దీన్ని కసాయి కత్తి అని పిలవడానికి కారణం అదే. మన ఊళ్లలో వేటకత్తి చూసినవాళ్లకు ఆ వంపు వెంటనే తెలుస్తుంది. మొన వైపు ఒక జానెడు ముక్క మాత్రమే దొరికినా ఆ వెడల్పును బట్టి దీన్ని పట్టేయొచ్చు.

ఉంగరం లేకుండా అలుగు 25 సెంటీమీటర్లు ఉంటే 84/98. దీని కథ పెద్దది. మొదట పాత 71/84ల ఉంగరం తీసేసి మార్చారు, 1915 నుంచి కొత్తగానే చేశారు, 1934 నుంచి 1945 దాకా మూడో రూపంలో లక్షల కొద్దీ చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో కె98కె తుపాకీకి తగిలించింది ఈ మూడో రూపమే. కాబట్టి 25 సెంటీమీటర్ల ముక్క ఏ యుద్ధానిదో పొడవు ఒక్కటే చూసి చెప్పకూడదు. పిడీ మార్కులూ చూడాలి, వాటి గురించి కింద రాశాను.

అలుగు 31 సెంటీమీటర్లు, ఉంగరం ఉంటే 1914లో వచ్చిన ఎస్ 14 కావచ్చు. ఇది తక్కువగా దొరుకుతుంది.

98/05 మీద "చెవులు" అంటారు. అవేమిటి?

తొలి 98/05లకు అడ్డపట్టీ పైభాగంలో, ఉంగరం సగం కోసినట్టు, రెండు కొమ్ములు పైకి లేచి ఉండేవి. వాటినే చెవులంటారు. 1915 నుంచి ఈ చెవులు తగ్గించేశారు. అదే ఏడాది నుంచి పిడి వెన్ను మీద సన్నటి ఉక్కు రేకు కూడా అమర్చడం మొదలైంది. తుపాకీ పేలినప్పుడు గొట్టం చివర వచ్చే మంటకు పిడి చెక్క కాలకుండా ఉండేందుకు ఆ రేకు.

రెలిక్ విషయంలో ఇది బంగారం లాంటి ఆధారం. చెక్క పోయినా రేకు, లేదా అది కూర్చున్న గుర్తు మిగులుతుంది. చెవులు పొడవుగా ఉంటే 1915కు ముందుది. చెవులు లేకుండా, రేకుతో ఉంటే 1915 తర్వాతి తయారీ అయి ఉండే అవకాశం ఎక్కువ. ఒక జాగ్రత్త: పాతవాటికి కూడా తర్వాత రేకు బిగించారు, కొన్నింటి చెవులు అరగదీశారు. అడ్డపట్టీ పైఅంచు మీద అరగదీసిన గీతలు ఉన్నాయేమో భూతద్దంతో చూసి అప్పుడే తేల్చండి.

వెన్ను మీద రంపపు పళ్లు ఉంటే?

అది పనిముట్టు. ఇంజనీరింగ్ దళాలకు, కొంతమంది నాన్‌కమిషన్డ్ అధికారులకు కొమ్మలు, కంపలు కోయడానికి ఇచ్చారు. ఎదుటి పక్షం మాత్రం దీన్ని హింస కోసమే చేశారని ప్రచారం చేసింది. ఇది చేతిలో ఉండగా పట్టుబడితే చంపేస్తారన్న భయం జర్మన్ సైనికుల్లో పాకింది. యుద్ధం చివరికి వచ్చేసరికి పై అధికారులే పళ్లు తీసేయమన్నారు.

అలా తీసేసినవాటి వెన్ను మిగతా 98/05ల కంటే సన్నగా, సగం నుంచి మెట్టు దిగినట్టు ఉంటుంది. తుప్పు సమానంగా తినదు, మెట్టు మాత్రం సూటిగా ఉంటుంది. తేడా అక్కడ తెలుస్తుంది.

పిడి మొత్తం ఇనుమే, చెక్క పెట్టే చోటే లేదు. ఇది ఏమిటి?

అది ఎర్సాట్స్, అంటే బదులు బాయొనెట్. 1914లో యుద్ధం మొదలయ్యాక సైన్యం ఊహించని వేగంతో పెరిగింది, అందరికీ మంచి బాయొనెట్లు చాలలేదు. చెక్క పలకలు లేకుండా, ఉక్కు రేకులు వంచి పిడి చేసి, బూడిదపచ్చ రంగు పూసి పంపేశారు. లెక్కలేనన్ని రకాలున్నాయి: నున్నటి పిడి, గీతల పిడి, పూర్తి ఉంగరం, తెగిన ఉంగరం. జర్మన్ తుపాకులకే కాక పట్టుబడిన శత్రు తుపాకులకు సరిపోయేవీ ఉన్నాయి. వీటి మీద తయారీదారు పేరు చాలాసార్లు ఉండదు, దానికోసం నెలలు వెతకొద్దు. అడ్డపట్టీ మూలల్లో ఆ రంగు చుక్క ఏమైనా మిగిలిందేమో మాత్రం తప్పక చూడండి. అది కనబడితే శుభ్రం చేయడం అక్కడితో ఆపండి.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి వాటిపై ఏడాది ఎక్కడ ఉంటుంది?

వెన్ను మీద, అడ్డపట్టీకి దగ్గరగా. పైన కిరీటం, కింద రాజు పేరు మొదటి అక్షరం, దాని కింద ఏడాది చివరి రెండు అంకెలు. కిరీటం, డబ్ల్యూ, 15 అని ఉంటే విల్హెల్మ్ పేరిట ప్రష్యా సైన్యం 1915లో తీసుకున్నదని అర్థం. ఎల్ అక్షరం ఉంటే అప్పటి జర్మన్ సామ్రాజ్యంలోనే ఇంకో రాజ్యమైన బవేరియాది. సాక్సనీకి, వుర్టెంబెర్గ్‌కు వాటి సొంత రాజులు ఉండేవారు కాబట్టి అక్షరాలు మారతాయి. వుర్టెంబెర్గ్ రాజు పేరు కూడా విల్హెల్మే, కాబట్టి డబ్ల్యూ కనబడగానే ప్రష్యా అని తేల్చేయొద్దు. కింద చిన్న గోథిక్ అక్షరాలు కనబడితే అవి తనిఖీదారు ముద్రలు.

తయారీదారు పేరు అలుగు పక్క మీద, అడ్డపట్టీకి ఆనుకుని ఉంటుంది. జోలింగెన్‌లోని కార్ల్ ఐక్‌హోర్న్, అలెక్స్ కోపెల్, వైయర్స్‌బెర్గ్ కిర్ష్‌బౌమ్, జూల్‌లోని సిమ్సన్, హేనెల్, షిల్లింగ్, ఎర్ఫుర్ట్ ప్రభుత్వ ఆయుధశాల, ఓబర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్, ష్వైన్‌ఫుర్ట్‌లో సైకిల్ హబ్‌లు చేసే ఫిష్టెల్ ఉండ్ జాక్స్. యుద్ధం సైకిళ్ల భాగాలు చేసే ఫ్యాక్టరీని కూడా ఇందులోకి లాగిందన్నమాట. పూర్తి పేరు అక్కర్లేదు, నాలుగు అక్షరాలు, ఊరి పేరులో సగం చదవగలిగితే చాలు.

అడ్డపట్టీ మీద అంకెలూ చుక్కలూ ఉన్నాయి. అవేమిటి?

అవి దొరికితే మీరు అదృష్టవంతులు. అది దళం గుర్తు. ఉదాహరణకు "87.ఆర్.5.123" తరహాలో ఉంటే 87వ రెజిమెంటు, 5వ కంపెనీ, 123వ నంబరు ఆయుధం. ఇక్కడ ఆర్ అంటే కాల్బలం రెజిమెంటు. అదే అక్షరం చేతిరాత తీరులో వంకరగా ఉంటే రిజర్వ్ దళం కావచ్చు, కాబట్టి అక్షరం రూపాన్ని కూడా నోట్ చేసుకోండి. రెజిమెంటు చరిత్రలు జర్మనీలో పుస్తకాలుగా చాలా అచ్చయ్యాయి. మీకు దొరికిన చోట ఆ రెజిమెంటు ఎప్పుడు ఉందో వాటిలో చూస్తే, ఆ కత్తి ఏ నెలలో నేలపాలైందో అంచనా కట్టగలిగిన సందర్భాలున్నాయి. ఏ రాజముద్రకన్నా నాకు ఈ చిన్న అంకెలే ఎక్కువ.

రెండో ప్రపంచ యుద్ధం నాటివి ఎలా చదవాలి?

1934, 1935లలో జర్మనీ తన ఆయుధీకరణను దాచాలనుకుంది. 1919 వెర్సాయ్ ఒప్పందం సైన్యాన్ని లక్ష మందికి పరిమితం చేసింది కదా. అందుకే తయారీదారు పేరు బదులు ఎస్ అక్షరం, గీత, సంఖ్య కొట్టి, పక్కన ఏడాదికి ఒక అక్షరం పెట్టారు. కె అంటే 1934, జి అంటే 1935. ఆ తర్వాత వెన్ను మీద రెండు అంకెల ఏడాది, అలుగు పక్క మీద కంపెనీ పేరు బాహాటంగా కనబడతాయి.

1940 ప్రాంతంలో మళ్లీ పేర్లు తీసేసి చిన్న అక్షరాల కోడ్‌లకు మారారు. రెండు అంకెల ఏడాది, పక్కన రెండు మూడు అక్షరాలు. ఎక్కువగా కనబడేవి: సిఓఎఫ్ అంటే కార్ల్ ఐక్‌హోర్న్, ఏఎస్‌డబ్ల్యూ అంటే హోర్‌స్టర్, సియుఎల్ అంటే ఎర్న్‌స్ట్ పాక్, ఎఫ్‌జెడ్‌ఇ అంటే హోలర్, సిఆర్‌ఎస్ అంటే పౌల్ వైయర్స్‌బెర్గ్, సివిఎల్ అంటే వైయర్స్‌బెర్గ్ కిర్ష్‌బౌమ్. అన్నీ జోలింగెన్ కంపెనీలే. అలుగు రెండో పక్క సీరియల్ నంబరు, కింద ఒక చిన్న అక్షరం ఉంటాయి. పది వేలు పూర్తవగానే అక్షరం మార్చి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు.

ఎఫ్‌ఎన్‌జె అన్న కోడ్ గురించి ఒక మాట. అది కోపెల్ కంపెనీ కోడ్. మొదటి యుద్ధంలో జర్మన్ సైన్యానికి బాయొనెట్లు చేసిన ఆ యూదు కుటుంబం నుంచి నాజీ పాలనలో కంపెనీని లాగేసుకున్నారు. అలెక్సాండర్ కోపెల్‌ను ముసలితనంలో టెరెజీన్‌స్టాట్ నాజీ నిర్బంధ శిబిరానికి పంపించారు, 1942లో అక్కడే చనిపోయారు. జూల్‌లోని సిమ్సన్ కుటుంబం ఫ్యాక్టరీని కూడా అలాగే గుంజుకున్నారు. 1915 నాటి సిమ్సన్ ముద్ర చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

పిడి చెక్క పూర్తిగా పోయింది. ఇంకేమైనా తెలుస్తుందా?

తెలుస్తుంది. మూడో రూపం 84/98కి 1937 ప్రాంతం నుంచి చెక్క బదులు ఎర్రటి గోధుమ రంగు బేకలైట్, అంటే పాతకాలపు గట్టి ప్లాస్టిక్, పలకలు వాడారు. బేకలైట్ నేలలో కుళ్లదు, చిన్న పెంకు మిగిలినా చాలు, అది మొదటి యుద్ధానిది కాదని తేలిపోతుంది. యుద్ధం చివర్లో మళ్లీ చెక్కకు వెళ్లారు, స్క్రూలు, నట్ల బదులు రివెట్లు కొట్టారు. పిడి రంధ్రాల్లో స్క్రూ తల ఉందా, రివెట్టు కొట్టిన ముద్ద ఉందా అన్నది చూడండి. చెక్క పోయింది కాబట్టి పలక కింద దాగి ఉండే ఉక్కు కూడా బయటపడింది. అక్కడ ముద్రలు ఉండొచ్చు, పైభాగం కంటే బాగా మిగిలి ఉంటాయి.

మార్కు ఉందని తెలుస్తోంది కానీ చదవలేకపోతున్నాను.

గది చీకటి చేసి, ఫోన్ టార్చ్‌ను లోహానికి దాదాపు సమాంతరంగా, పక్క నుంచి పెట్టండి. టార్చ్‌ను నెమ్మదిగా చుట్టూ తిప్పుతూ ఫొటోలు తీయండి. ఒక కోణంలో కనబడని అంకె ఇంకో కోణంలో నీడగా లేస్తుంది. పల్చగా నూనె రాసి చూడండి, కొన్నిసార్లు అదే సరిపోతుంది. లేకపోతే పల్చటి అల్యూమినియం ఫాయిల్ పరిచి వేలితో నొక్కి, ఫాయిల్‌ను ఫొటో తీయండి. సుద్దపొడి కూడా పనిచేస్తుంది. కానీ మార్కు మీద సూదితో గీకకండి, మీరే ఒక కొత్త అంకె చెక్కిన వాళ్లవుతారు.

ఒకే కత్తి మీద రెండు కాలాల గుర్తులు ఉన్నాయి. నకిలీయా?

కానక్కర్లేదు. ఆయుధాలకు దీర్ఘాయుష్షు. 1916లో చేసిన బాయొనెట్‌ను రెండు యుద్ధాల మధ్య వైమార్ రిపబ్లిక్ కాలంలో మళ్లీ వాడకంలోకి తెచ్చి కొత్త ముద్ర కొట్టారు, 1939లో ఇంకొకరికి ఇచ్చారు. తుర్కియేకు వెళ్లిన జర్మన్ బాయొనెట్లను అక్కడ అలుగు పొట్టి చేసి దశాబ్దాలు వాడారు. పొట్టి చేసినదాని అలుగు మీది గాడి మొన దాకా పరిగెత్తి హఠాత్తుగా ఆగుతుంది, అసలైన దానికి మొన కంటే కొంచెం ముందే సహజంగా ముగుస్తుంది.

ఇది అసలు జర్మన్‌దేనా?

వాదర ఏ వైపు ఉందో ముందు చూడండి. తుపాకీకి బిగించినప్పుడు వాదర పైకి, అంటే గొట్టం వైపు ఉండేలా తయారైతే అది ఆస్ట్రియా మాన్లికర్ ఎం95 కావచ్చు, లేదా చెక్ వీజెడ్ 24 కావచ్చు. జర్మన్‌ది అయితే వాదర కిందికి ఉంటుంది. ఈ ఒక్క విషయం తెలియక మాన్లికర్‌ను జర్మన్‌ది అని కొన్నవాళ్లు చాలామంది. సన్నటి శూలంలా, నాలుగు పలకలుగా ఉంటే అది ఫ్రెంచ్ లెబెల్.

ఇక మన ఊళ్లలో, తాతగారి ట్రంకు పెట్టెలోంచి దొరికిందని ఫొటో పంపేవాళ్లకు ఒక మాట. అది బ్రిటిష్ 1907 నమూనా లేదా ఇషాపూర్ తయారీ అయ్యే అవకాశమే ఎక్కువ. అలుగు 43 సెంటీమీటర్లు ఉండి, పక్కన కిరీటం, జిఆర్, 1907 అని ఉంటే బ్రిటిష్‌ది. ఆ 1907 నమూనా పేరు, తయారైన ఏడాది కాదు. తయారైన నెల, ఏడాది దాని కింద చిన్న అంకెల్లో ఉంటాయి. అలుగు దాదాపు అడుగు పొడవు, ఆర్‌ఎఫ్‌ఐ ముద్ర ఉంటే బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది. జర్మన్‌ది కాలేదని బాధపడకండి, మీ ఇంటి చరిత్రకు అదే దగ్గర.

పిడి సన్నగా, అలుగు మీద వెండి రంగు పొరలు రాలుతున్నాయి?

అది యుద్ధానికి కాదు. సెలవు రోజున ఊళ్లోకి వెళ్లేటప్పుడు పెట్టుకోవడానికి సైనికుడు సొంత డబ్బుతో కొన్న అలంకారపు బాయొనెట్. నికెల్ పూత, 20 లేదా 25 సెంటీమీటర్ల అలుగు, కంపెనీ బొమ్మ ముద్ర ఉంటాయి. ఐక్‌హోర్న్‌ది అయితే ఉడుత బొమ్మ.

తుప్పు ఎలా తీయాలి?

తీయాలా అన్నది ముందు ప్రశ్న. అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుంటే లోపల ఉక్కు ఉంది. పట్టీ పట్టనట్టు ఉంటే అక్కడ మిగిలింది తుప్పే. దాన్ని తీస్తే వస్తువే ఉండదు, అలాంటిదాన్ని అలాగే ఆరబెట్టి మైనం పూసి ఉంచండి.

ఉక్కు గట్టిగా ఉంటే ఎలక్ట్రాలసిస్ మంచిది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, లీటరుకు ఒక చెంచా వాషింగ్ సోడా కలపండి. ఛార్జర్ నెగెటివ్ తీగ బాయొనెట్‌కు, పాజిటివ్ తీగ పనికిరాని మామూలు ఇనుప ముక్కకు. తీగలు తారుమారైతే బాయొనెట్టే కరిగిపోతుంది, మూడు సార్లు సరిచూసుకోండి. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు వాడొద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి వస్తుంది. హైడ్రోజన్ వాయువు లేస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టండి, దగ్గర నిప్పు ఉండకూడదు. చెక్క, బేకలైట్, రంగు మిగిలి ఉన్నవాటికి ఈ పద్ధతి వద్దు.

వెనిగర్, చింతపండు, టాయిలెట్ యాసిడ్ వాడమని సలహాలు వస్తుంటాయి. ఆమ్లం తుప్పుతో ఆగదు, ముద్రల అంచులు కూడా తినేస్తుంది. డ్రిల్లుకు బిగించే వైర్ బ్రష్ గురించి పైనే చెప్పాను.

శుభ్రం చేశాక కూడా నారింజ రంగు చుక్కలు కారుతున్నాయి?

చెమట పడుతోందంటారు దాన్ని. మట్టిలోని ఉప్పు, అంటే క్లోరైడ్, లోహం లోపలికి దిగింది. పైన ఎంత మైనం పూసినా లోపల పని జరుగుతూనే ఉంటుంది. వాషింగ్ సోడా నీళ్లలో వారాల తరబడి నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉప్పును బయటికి లాగాలి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ పూయండి.

కాకినాడ, విశాఖ వైపు ఉండేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. సముద్రపు గాలిలో తేమా ఉంది, ఉప్పూ ఉంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, రంగు మారే సిలికా జెల్ సంచులతో పాటు ఉంచండి. రంగు మారగానే సంచులు మార్చండి. గోడకు వేలాడదీయడం మానుకోండి.

ఒర ఉంటే ఉపయోగమా?

చాలా. ఒర మీది సీరియల్ నంబరు అలుగుతో కలిస్తే రెండూ మొదటి నుంచి జత. తోలు ఒరకు కింద పైన ఉక్కు తొడుగులు ఉంటాయి, తోలు కుళ్లి అవి మాత్రం దొరకొచ్చు. కత్తి ఒరలో ఇరుక్కుంటే బలవంతంగా లాగకండి. నూనె పోసి నెల రోజులు వదిలేయండి. అప్పటికీ రాకపోతే అలాగే ఉండనివ్వండి. ఒర లోపల ఉన్న అలుగు మీద ముద్రలు అన్నిటికంటే బాగా భద్రంగా ఉన్నాయి.

నేనే వెళ్లి మెటల్ డిటెక్టర్‌తో వెతకొచ్చా?

అనుమతి లేకుండా వద్దు. జర్మనీలో ప్రతి రాష్ట్రంలోనూ వారసత్వ రక్షణ చట్టాలున్నాయి, ముందే పర్మిట్ తీసుకోవాలి. ఫ్రాన్స్‌లోనూ పురావస్తువుల కోసం డిటెక్టర్ వాడటానికి అధికారిక అనుమతి కావాలి. చదువుకోడానికి వచ్చిన పిల్లలు సరదాకి వెళ్లి వీసా టెన్షన్ తెచ్చుకోవద్దు.

అంతకన్నా పెద్ద ప్రమాదం గుండ్లు. మొదటి యుద్ధపు పోరాటాలు జరిగిన వెర్డూన్ (ఫ్రాన్స్), ఈప్ర్ (బెల్జియం) చుట్టుపక్కల నేల ఇప్పటికీ పేలని గుండ్లను పైకి తెస్తూనే ఉంది. విషవాయువు గుండ్లూ వాటిలో ఉన్నాయి. బెల్జియంలో సైన్యపు బాంబు నిర్వీర్య దళం డోవో, పూల్‌కపెల్లె దగ్గర ఇప్పటికీ వాటిని ఏరి నాశనం చేస్తోంది. గుండులా ఉన్నది ఏది కనబడినా ముట్టకుండా పోలీసులకు చెప్పండి.

బాయొనెట్ పక్కన ఎముకలు, బూటు, ఓవల్ ఆకారపు గుర్తింపు బిళ్ల కనబడితే ఆపేయండి. అది ఒక మనిషి సమాధి. పోలీసులకు చెబితే యుద్ధ సమాధులు చూసే సంస్థకు వాళ్లే కబురు పెడతారు. ఆ బిళ్లను జేబులో వేసుకుంటే ఆ మనిషి పేరు ఎప్పటికీ దొరకదు.

ఇండియాకు తీసుకురావచ్చా?

1959 ఆయుధాల చట్టం కింద ఉన్న నియమాల్లో, తుపాకులు కాని ఆయుధాల జాబితాలో బాయొనెట్ పేరు ఉంది. ఆయుధాల దిగుమతికి అనుమతి కావాలి. తుప్పు పట్టిందని కస్టమ్స్ వాళ్లు వేరుగా చూస్తారనుకోకండి, ముందే రాతపూర్వకంగా అడగండి. విమానంలో చేతి సంచిలో పెట్టే ఆలోచనే వద్దు. జర్మనీలో ఉండేవాళ్లకు ఇంకో మాట: స్వస్తిక గద్ద ముద్ర ఉన్న ఫొటోలు ఊరికే పంచుకోకండి, ఆ చిహ్నాల బహిరంగ ప్రదర్శనపై అక్కడ క్రిమినల్ చట్టం ఉంది. చదువు, చరిత్ర పరిశోధన లాంటివాటికి మినహాయింపులున్నాయి.

నకిలీలు ఉంటాయా?

రెలిక్‌లలో కూడా ఉంటాయి. మామూలు 98/05 వెన్ను మీద రంపపు పళ్లు కోసి, ఉప్పునీళ్లలో తుప్పు పట్టించి అమ్ముతారు. పళ్ల లోపలి తుప్పు, అలుగు తుప్పు ఒకే వయసుగా ఉన్నాయో లేదో చూడండి. కొత్త తుప్పు ప్రకాశంగా, పొడిగా, చేతికి అంటుతుంది. పాతది ముదురు గోధుమ రంగులో, గట్టిగా, పొరలుగా ఉంటుంది. తేలిగ్గా చదవగలిగే ముద్ర గుంతల పైన నున్నగా కూర్చుంటే, ఆ ముద్ర తుప్పు తర్వాత వచ్చిందన్నమాట.

అన్నీ చూశాక ఏం రాసి పెట్టుకోవాలి?

దొరికిన చోటు, తేదీ, కొలతలు, ముద్రల చేతి బొమ్మ, మీరు చేసిన శుభ్రం ఏమిటన్నది. కొన్నదైతే అమ్మినవాళ్లు చెప్పింది వేరే వరుసలో రాయండి, మీరు చూసింది వేరే వరుసలో. ఆసక్తి ఉన్నవాళ్లు జోలింగెన్‌లో గ్రేఫ్‌రాట్ వైపు ఉన్న కత్తుల మ్యూజియానికి ఒకసారి వెళ్లండి. అసలు కొలత, బరువు, అంచు ఎలా ఉంటాయో అక్కడ కళ్లతో చూస్తే ఇంట్లోని తుప్పు ముక్క వేరుగా కనబడుతుంది.

నా మొదటి దాని చీటీ ఇలా ఉంది: ఎస్ 98/05. అలుగు 36.4, మొన అరిగింది. చెవులు లేవు, అరగదీసిన గీతలు లేవు. పిడి రేకు ఉంది. వెన్ను మీద కిరీటం, డబ్ల్యూ, 1. రెండో అంకె వైర్ బ్రష్‌తో పోయింది. ఆకారాన్ని బట్టి 1915 నుంచి 1918 మధ్య.